కెమెరా దాటిపోయిన ఆకు

ఖాళీ అరిటాకు ముందు మనిషి కూర్చుని ఉంటే, చేతిలో అన్నం బకెట్ పెట్టుకుని అతన్ని దాటి వెళ్ళిపోవడం ఎంత కష్టమో మీకు తెలియదు. మీరంతా బఫేల కాలం పిల్లలు. ప్లేటు మీరే పట్టుకెళ్తారు, కావలసిందేదో మీరే వేయించుకుంటారు, కుర్చీ దొరక్కపోతే గోడకి ఆనుకుని తినేస్తారు. నేను పనిలో ఉన్న రోజుల్లో ఎక్కువ భాగం బంతి భోజనాలే. జనాన్ని వరసగా కూర్చోబెట్టి, ముందు ఆకులు పరిచి, ఈ చివరనుంచి ఆ చివరకి వడ్డించుకుంటూ పోతే ఆ వరసని మా వైపు బంతి అంటారు. ఆ బంతుల్లో వడ్డించడమే నా ఉద్యోగం. ఐదో తరగతితో బడి మానేసిన దాన్ని, మోకాళ్ళు అరిగేదాకా ఆ పనే చేశాను. పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, ఓణీల ఫంక్షన్లు, ఏదైనా సరే నాకు కనపడేది ఆకులే. ఫలానా వాళ్ళ పెళ్ళికి వెళ్ళావు కదా, పెళ్ళికూతురు ఎలా ఉంది అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ చెప్పలేను. మొదటి బంతిలో మూడో ఆకు ఆయన పెరుగు వద్దన్నాడని మాత్రం చెప్పగలను.

మా మేస్త్రి పామర్రు మనిషి. వంట ఆయనది, వడ్డన మాది. పనిలో చేరిన రోజే నాకు చెప్పారు. "ఆకు వంక చూడు, మొహం వంక చూడకు. మొహాలు మొహమాటానికి వద్దంటాయి. ఆకు మీద పచ్చదనం కనపడిందంటే నువ్వు నిద్రపోతున్నావన్నమాట." బంతి చివర నిలబడి "అక్కడ పచ్చగా ఉందమ్మా" అని ఆయన ఒక్క కేక వేస్తే నా చెయ్యి దానంతటదే లేచేది. కొన్నేళ్ళకి ఆ కేక కూడా అక్కర్లేకపోయింది. ఇంట్లో మా ఆయన అన్నం తింటూ ఫోన్లో మాట్లాడితే, మాట పూర్తయ్యేలోపు కంచం నిండిపోయేది. ఆయన ఒళ్ళు చెయ్యడానికి కారణం మందులూ కాదు, వయసూ కాదు, మీ చెయ్యేనమ్మా అని డాక్టరుగారు నన్ను లోపలికి పిలిచి మరీ చెప్పారు. ఒకసారి చుట్టాల పెళ్ళికి పట్టుచీర కట్టుకుని వెళ్ళాను. హాయిగా కూర్చుని తినాల్సిన దాన్ని, రెండో బంతి మధ్యలో చూసుకుంటే నా చేతిలో పప్పు బకెట్ ఉంది. ఎవరి చేతిలోంచి లాక్కున్నానో ఇప్పటికీ తెలియదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, అలాంటి దాన్ని తీసుకెళ్ళి వడ్డించకుండా ఉండమన్నారు. అదీ కెమెరా ముందు.

సినిమా పిల్లలు నా దగ్గరికి వచ్చింది నేను పని మానెయ్యబోతున్న ఏడాది. విజయవాడలో సినిమా తీయడం నేర్పే కోర్సు చదువుతున్నారు. చదువు పూర్తవ్వాలంటే చివర్లో ఒక్కొక్కరు ఒక చిన్న సినిమా తీసి చూపించాలట. అందులో ఒకమ్మాయి మా మేస్త్రికి తెలిసినవాళ్ళ పిల్ల. సన్నగా ఉండేది. జుట్టు పైకి ముడేసుకుని, ఆ ముడిలో పెన్ను గుచ్చుకునేది. డైరెక్టరు ఆ అమ్మాయే. మేస్త్రి అడ్రసు చెప్తే మా ఇంటికి వచ్చి కింద చాప మీద కూర్చుంది.

"సీను పెళ్ళి భోజనాలది పెద్దమ్మా. మీరు వడ్డించేవాళ్ళలాగా ఉండాలి."

"లాగా ఏముంది తల్లీ, వడ్డించేదాన్నేగా. ఎవరెవరికి?"

"బంతి మొత్తానికి. ఒక్కాయనకి తప్ప."

"ఆయనకి షుగరా?"

"కాదు పెద్దమ్మా. కావాలనే వడ్డించకూడదు."

నాకు అర్థం కాలేదు. ఆయనకి ఇంటినుంచి క్యారేజీ వస్తుందా అని అడిగాను. అప్పుడు కథ చెప్పింది. వాళ్ళ తాతగారు వయసులో ఉండగా బంధువుల పెళ్ళిలో బంతిలో కూర్చున్నారట. ఆ పెళ్ళివారితో పొలం గట్టు దగ్గర ఏదో తగాదా ఉంది. పైకి మర్యాదగానే పిలిచారు గానీ, వడ్డించేటప్పుడు అటుపక్క ఆకుకీ ఇటుపక్క ఆకుకీ వేసి ఈయన ఆకుని దాటించేశారట. ఆయన ఎవర్నీ ఏమీ అనలేదు. అందరూ తినేదాకా కూర్చుని, అందరితోపాటే లేచి, చెయ్యి కడుక్కుని వచ్చేశారట. మళ్ళీ ఎవరి బంతిలోనూ కూర్చోలేదు.

"తిననివాడు చెయ్యెందుకు కడుక్కున్నాడా అని చిన్నప్పట్నించీ నాకు అదే ఆలోచన పెద్దమ్మా. అదే నా సినిమా. మాటలేం ఉండవు. మీరు దాటి వెళ్ళిపోతారు, ఆయన కూర్చునే ఉంటాడు, చివర్న లేస్తాడు. అంతే."

నడవడమేగా, ఇందులో నటించేదేముంది అనుకుని సరేనన్నాను.

పామర్రు దాటాక పొలాల మధ్య ఆ అమ్మాయి బాబాయిగారి ఫంక్షన్ హాలు ఉంది. సినిమా తీసేది అక్కడే. అదే రోజు సాయంత్రం హాల్లో ఎవరిదో ఓణీల ఫంక్షన్. మధ్యాహ్నం తిరిగేసరికి పూలవాళ్ళూ లైట్లవాళ్ళూ వచ్చేస్తారు. కాలేజీ కెమెరా కూడా ఆ సాయంత్రానికే విజయవాడ చేర్చాలి. ఈలోగా ఆ ఖాళీ ఆకు కెమెరాలో పడకపోతే ఆ అమ్మాయికి సినిమా లేదు, సినిమా లేకపోతే ఆ ఏడాది పాసూ లేదు. ఈ సంగతి అందరికీ తెలుసు. అందుకని అందరూ ఆ అమ్మాయిని నవ్వించాలని చూస్తున్నారు, ఆ అమ్మాయి నవ్వడం లేదు.

వడ్డన లేని ఆకు ముందు కూర్చోవలసినాయన రిటైరైన బస్సు కండక్టరు. ఆ అమ్మాయి వాళ్ళ వీధిలోనే ఉంటారు. నిటారుగా ఉండే మనిషి, తెల్ల మీసాలు. ఆకలి నటించడం తనవల్ల కాదనీ, నిజంగా ఆకలితో వస్తే మొహంలో అదే కనపడుతుందనీ ఆయనకి ఒక నమ్మకం. ముందురోజు రాత్రి నుంచీ ఏమీ తినలేదు. పొద్దున టీ ఇస్తే, "వద్దమ్మా, నేను పాత్రలోకి వెళ్ళిపోయాను" అన్నారు. ఆయన పక్క ఆకు డైరెక్టరమ్మాయి మేనత్తగారిది. మిగతా బంతి అంతా ఇరుగుపొరుగు, చుట్టాలు. భోజనం కూడా పెడతారంటే సంతోషంగా వచ్చారు.

వీళ్ళందరినీ అదుపులో పెట్టడానికి ఇంకో అమ్మాయి ఉంది. మందపాటి కళ్ళద్దాలు, చల్లపల్లి దగ్గర రైతుల పిల్ల. ఆ అమ్మాయి పనిపేరు కంటిన్యూటీ. సినిమాని ముక్కలు ముక్కలుగా తీస్తారు కదా, ముందు ముక్కలో పులిహోర ఆకుకి ఎడమవైపు ఉంటే తర్వాతి ముక్కలోనూ ఎడమవైపే ఉండాలి. గ్లాసులో నీళ్ళు సగం ఉంటే సగమే ఉండాలి. ప్రతి ముక్కకీ ముందూ వెనకా ప్రతి ఆకునీ ఫోన్లో ఫోటో తీసుకునేది. "అంకుల్, ఆ వంకాయ ముట్టుకోకండి" అనేది తలెత్తకుండానే. ఆ రోజు హాల్లో జనం కెమెరాకన్నా ఆ కళ్ళద్దాలకే ఎక్కువ భయపడ్డారు.

మొదట కెమెరాని బంతి చివర పెట్టారు. వరస మొత్తం కనపడాలి, నేను ఆ చివరనుంచి వడ్డించుకుంటూ రావాలి, కండక్టరుగారిని దాటి ముందుకి పోవాలి. అంతా ఒకటే ముక్క, మధ్యలో ఆపడం ఉండదు. నిజంగా జరిగినట్టు ఉంటుందని డైరెక్టరమ్మాయి పట్టుదల. "యాక్షన్" అంది. నేను బయల్దేరాను. మేనత్తగారికి వేశాను. అడుగు ముందుకేశాను. నా పని నేను శుభ్రంగా చేసుకుపోయాననే అనుకున్నాను.

"కట్. పెద్దమ్మా, వేసేశారు."

"ఎవరికి?"

"తాతగారికి."

వెనక్కి తిరిగి చూస్తే కండక్టరుగారి ఆకు మీద అన్నం. ఉత్త అన్నం కాదు, పప్పు కోసం మధ్యలో గుంట కూడా చేసి ఉంది.

ఆకు మీద పడ్డ అన్నం మళ్ళీ బకెట్లోకి తియ్యరు కదా. ఆ ఆకుని అన్నంతో సహా హాలు వెనక కట్టేసిన గేదెకి పెట్టి, కొత్త ఆకు వేశారు. కళ్ళద్దాలమ్మాయి వచ్చి, పాత ఆకుకి అంచున చిరుగు ఉంది, దీనికి లేదు అని గోరుతో చిరుగు చేసింది. రెండోసారి నడిచాను. ఈసారి ఆకు చూడకూడదు, మొహం చూస్తూ పోదామనుకున్నాను. మొహం చూశాను. ముందురోజునుంచీ తినని మొహం. ఒకటికి రెండు గరిటెలు పడ్డాయి. మూడోసారి అక్కడికి రాగానే కళ్ళు మూసుకున్నాను. ఆకు తప్పింది గానీ ఆయన నీళ్ళ గ్లాసులో అన్నం పడింది.

"చెల్లెమ్మా," అన్నారు కండక్టరుగారు గ్లాసులోకి చూస్తూ, "మీరు నన్ను అవమానించాలి. ఇలా మర్యాదలు చేస్తే నేనెలా బాధపడేది?"

"అలవాటు అన్నయ్యగారూ. ఏమీ అనుకోకండి."

"అనుకోవాలనే కదమ్మా నా ప్రయత్నం."

డైరెక్టరమ్మాయి ఉపాయం ఆలోచించి నాకు ఖాళీ బకెట్ ఇచ్చింది. ఖాళీ గరిటె పడితే మాత్రం ఏమవుతుంది, కెమెరా దూరంగా ఉంది కదా అని. బయల్దేరాను. బంతిలో మొదటాయన తన ఆకు మీద ఏమీ పడకపోవడం చూసి బకెట్లోకి తొంగి చూశాడు. "అయిపోయిందిట" అని పక్కాయనకి చెప్పాడు. ఆ మాట బంతి చివరిదాకా నాకన్నా ముందే వెళ్ళిపోయింది. నేను కండక్టరుగారి దాకా వచ్చేసరికి, అన్నం చాలకపోతే ముందే చెప్పాలిగా అని ఆ చివర ఎవరో లేచి నిలబడ్డారు.

మళ్ళీ నిండు బకెట్. ఈసారి కడ్డీ పట్టుకున్నట్టు ఎడం చేత్తో నా కుడిచేతి మణికట్టు గట్టిగా పట్టుకుని నడుద్దామంటే, మరి బకెట్ ఎవరు పట్టుకుంటారు? కెమెరా కుర్రాడు నా బదులు తాను నడుస్తానన్నాడు. చీర కట్టుకోనక్కర్లేదు, పెళ్ళిళ్ళలో మగాళ్ళు కూడా వడ్డిస్తారుగా అని. మంచివాడే గానీ బకెట్‌తో వంగడం రాదు. అతను వడ్డిస్తుంటే కళ్ళాపి చల్లుతున్నట్టుంది. అన్నం తర్వాత సాంబారు బకెట్ ఇస్తే మేనత్తగారి చీరమీద పోశాడు, ఆవిడే వద్దన్నారు.

పైగా ఆవిడతో వేరే తిప్పలు. ఆవిడ అసలు తినడం లేదు.

"అత్తా, నువ్వు తినాలి. అందరూ తింటూ ఉండాలి, ఆయన ఒక్కడే చూస్తుండాలి."

"పక్కమనిషి ఆకు ఖాళీగా ఉంటే నేనెలా తినేదే?"

"నటన అత్తా."

"నటనైతే మాత్రం? రేపు మీ సినిమా మా వియ్యాలవారు చూస్తే ఏమనుకుంటారు? పక్కన మనిషి పస్తుంటే గారెలు లాగించేసింది అంటారు."

ఆవిడ్ని బతిమాలి ఒప్పిస్తే, ఆ ముక్క మధ్యలో తన బూరె తీసి ఎవరూ చూడకుండా కండక్టరుగారి ఆకు మీదికి తోసేసింది. ఎవరూ చూడకుండా అని ఆవిడ అనుకుంది. కెమెరా బంతి చివరనుంచి చూస్తూనే ఉంది.

మరో ఆకు గేదెకి వెళ్ళింది. ఇప్పటికి గేదెకి కూడా సంగతి అర్థమైంది. కట్టు వదిలించుకుని వచ్చి కిటికీలోంచి తల లోపలికి పెట్టి నిలబడింది. కళ్ళద్దాలమ్మాయి ఫోన్లో వెనక్కి జరుపుకుంటూ చూసి, "ముందు షాట్లో గేదె లేదు" అంది. ఇద్దరు దాన్ని తోలడానికి వెళ్ళారు. ఇది సద్దుమణిగాక మైకు చూసుకునే అబ్బాయి చెవులకి పెట్టుకున్నది తీసేసి, మెల్లిగా, "తాతగారి కడుపు వినపడుతోంది" అన్నాడు. అందరం నిశ్శబ్దంగా ఉండి విన్నాం. మైకు లేకుండానే వినపడుతోంది.

ఆకులు ఎన్ని మిగిలాయని డైరెక్టరమ్మాయి అడిగింది. ఒకటి అన్నారు. పెన్ను ముడిలోంచి తీసి, మళ్ళీ ముడిలో గుచ్చుకుని, హాలు బయట మెట్ల మీద కూర్చుంది.

నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. మోకాళ్ళు మెట్ల మీద కూర్చోనివ్వవు గానీ కూర్చున్నాను.

"నావల్ల కావట్లేదు తల్లీ. పామర్రులో ఎవర్నైనా అడుగుదాం. అన్నం పెట్టడం రాని వాళ్ళు దొరక్కపోరు."

ఆ అమ్మాయి నవ్వలేదు. "మీరు బాగా చేస్తున్నారు పెద్దమ్మా. మీ చెయ్యే వినట్లేదు." గడ్డం చేతిలో పెట్టుకుని, "మీరు ఆయన్ని దాటకుండా, దాటినట్టు కనపడాలి. అంతే కావాలి నాకు" అంది.

అని, తన మాట తానే విన్నట్టు ఆగిపోయింది. పెన్ను తీసి అరచేతి మీద గళ్ళు గీసింది. ఒక గడిలో గరిటె, ఒక గడిలో పాదాలు, ఒక గడిలో మీసాలు. "మా మాస్టారు క్లాసులో ఇదే చెప్పారు. అప్పుడు నేను ఒకటే ముక్కలో తీస్తానని ఆయనతో వాదించాను" అని లేచింది.

మీలో సినిమాలు తియ్యాలనుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే ఇది విన్నాక ఊరికే నవ్వి ఊరుకోకండి, పనికొస్తుంది. ముందు కెమెరాని దగ్గరగా పెట్టి, నా గరిటె మేనత్తగారి ఆకు మీద అన్నం వేయడం తీసింది. అది ఒక ముక్క. తర్వాత నా పాదాలు మాత్రం ఎడమనుంచి కుడికి నడవడం తీసింది. పాదాలకి వడ్డించడం తెలియదు కాబట్టి అవి బాగా నటించాయి. తర్వాత కండక్టరుగారిని లేపి అవతల కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన ఆకు తీసి పక్కన పెట్టించి, ఆయన అవతలి మనిషి ఆకు మీద నా చేత వడ్డింపించింది. మధ్యలో దాటడానికి ఎవరూ లేరు, నాకేం ఇబ్బంది. ఆ తర్వాత ఆయన్ని మళ్ళీ కూర్చోబెట్టి మొహం తీసింది, చివరికి ఖాళీ ఆకు తీసింది. ఆ ఆకు తీస్తున్నంతసేపూ నన్ను వంటింట్లో పెట్టి తలుపేశారు.

తర్వాత ఆ ముక్కల్ని వరసగా పెట్టి చిన్న తెరమీద చూపించింది. అటు గరిటె, పాదాలు, ఇటు గరిటె, ఆయన మొహం, పచ్చటి ఆకు. చూస్తుంటే నాకే నామీద కోపం వచ్చింది. ఎంత గర్వం ఆ ఆడమనిషికి, ఆయనవంక కన్నెత్తి కూడా చూడకుండా పోయింది. నేను అలా పోలేదు. పోయింది కెమెరా.

ఆఖరి ముక్క ఒకటి మిగిలింది. అందరూ లేస్తారు, వాళ్ళతోపాటు కండక్టరుగారూ లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్తారు, బంతిలో ఆకులు మిగులుతాయి. దూరంనుంచి మొత్తం వరస. అప్పటికే పూలవాళ్ళు గుమ్మంలో దండలు దింపుతున్నారు. మైకు అబ్బాయి, కడుపు ఇంకా మోగుతోంది అన్నాడు. కళ్ళద్దాలమ్మాయి వరసంతా ఒకసారి తిరిగొచ్చి, "ఆకులు ఓకే" అంది. ఆ అమ్మాయి ఓకే అన్నాక ఇంక ఎవరూ చూడరు. కెమెరా కుర్రాడి కళ్ళు ఆయన నడక మీద ఉన్నాయి. ఒక్కసారికే అయిపోయింది. ఆకులు మిగల్లేదు కాబట్టి కండక్టరుగారికి స్టీలు పళ్ళెంలో భోజనం పెట్టాం. ఆ వడ్డన గురించి నేను చెప్పుకోకూడదు గానీ, ఆయన లేవడానికి ఇద్దరు సాయం పట్టారు.

కొన్ని వారాల తర్వాత కాలేజీలో చూపించారు. సినిమా అతకడం కూడా కళ్ళద్దాలమ్మాయే చేసిందట. మమ్మల్నందరినీ పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టారు. హాల్లో చీకటి. సినిమా నడుస్తోంది. నా పాదాలు వెళ్ళిపోయినప్పుడు వెనక ఎవరో చిన్నగా తిట్టారు. తిట్టింది నన్నే అయినా నాకు సంతోషమేసింది. కండక్టరుగారు లేచారు, చెయ్యి కడుక్కున్నారు, ఆకుల వరస కనపడి అయిపోయింది. చప్పట్లు కొట్టారు. మార్కులు వేసే మాస్టారు లైట్లు వెయ్యమని లేచారు.

"బాగుందమ్మా. ఆ దాటింపు బాగా తీశావు. ఒక్క సందేహం. చివర్న ఆయన ఆకు మీద గారె ఎక్కడిది?"

"గారె లేదు సార్" అంది డైరెక్టరమ్మాయి.

మళ్ళీ వేశారు. ఆపారు. ఉంది. లాప్‌టాప్‌లో ఎంత ఉందో గానీ, ఆ తెరమీద బస్సు చక్రమంత ఉంది. వరసలో అన్ని ఆకులూ ఖాళీ చేసినవి, ఆయనది తినని ఆకు, దాని మూల ఒక్క గారె.

డైరెక్టరమ్మాయి నావంక తిరిగింది. కెమెరా కుర్రాడు నావంక తిరిగాడు. కండక్టరుగారూ తిరిగారు. నేను నా చేతివంక చూసుకున్నాను. నాకు తెలియకుండా ఎప్పుడైనా చేసిందేమోనని నాకూ అనుమానమే. ఆ రోజు నా చేతికి గారెల బేసిన్ ఇవ్వలేదు కదా అని గుర్తొచ్చి, మేనత్తగారి వంక చూశాను.

"నావంక చూస్తావేం? నాది బూరె" అంది ఆవిడ.

అప్పుడు కళ్ళద్దాలమ్మాయి లేచి నిలబడింది.

"నేనే పెట్టాను సార్."

"ఇందులో కంటిన్యూటీ ఎవరు చూశారు?"

"నేనే సార్."

హాలంతా ఒకటే నవ్వు. ఆ అమ్మాయి నవ్వు ఆగేదాకా నిలబడి చెప్పింది. "తాతగారి కడుపు మైకులో వినపడుతోంది సార్. గారె తింటే ఆగుతుందని పెట్టాను. ఆయన పాత్రలో ఉన్నానని తినలేదు."

"నిజమే. వాసన వచ్చింది గానీ తట్టుకున్నాను" అన్నారు కండక్టరుగారు.

"తినకపోతే తీసెయ్యాల్సింది కదమ్మా" అన్నారు మాస్టారు.

"వడ్డించింది ఆకులోంచి ఎలా తీస్తాం సార్?"

మాస్టారు ఒప్పుకున్నట్టు తలూపారు. ఆయనదీ మా వైపే. "ఆకైనా మార్చాల్సింది" అన్నారు.

"అదే ఆఖరి ఆకు సార్."

ఇంక మాస్టారు డైరెక్టరమ్మాయినే అడిగారు. "చూడమ్మా. వారం టైమిస్తాను. ఆ ఒక్క ముక్క మళ్ళీ తీసి ఇస్తే పూర్తి మార్కులు. ఇలాగే ఉంచితే పాసవుతావు గానీ, కంటిన్యూటీ మార్కులు పోతాయి. ఏం చేస్తావు?"

ఆ అమ్మాయి మా వరసవంక చూసింది.

"మళ్ళీ పస్తుండడం నావల్ల కాదమ్మా" అన్నారు కండక్టరుగారు ముందే.

"ఆకులు నేను తెస్తాను. ఆయన్ని దాటమని మాత్రం అడక్కు" అన్నాను నేను.

కళ్ళద్దాలమ్మాయి ఒకటే మాట అంది. "మళ్ళీ తీసినా నేను పెట్టనని గ్యారంటీ ఇవ్వలేనే."

అప్పుడు నవ్వింది డైరెక్టరమ్మాయి. పరిచయమయ్యాక ఆ అమ్మాయి పళ్ళు చూడటం నాకు అదే మొదలు. "మార్కులు తీసేసుకోండి సార్," అంది, "గారె తియ్యలేం."

తర్వాత ఒకరోజు డైరెక్టరమ్మాయి మా ఇంటికి వచ్చింది. నేను అప్పటికి పని మానేశాను. కూర్చోబెట్టి పళ్ళెం ముందు పెడితే రెండు చేతులూ అడ్డం పెట్టుకుని తింటూ చెప్పింది. సినిమా వాళ్ళ సొంత తాతగారికి, అదే, ఆనాడు బంతిలోంచి లేచి వచ్చేసినాయనకి, చూపించిందట. ముందు నాకొద్దన్నారట. తర్వాత ఫోను కంటికి దగ్గరగా పెట్టుకుని చూశారట. పాదాలు దాటిపోయినప్పుడు ఏమీ అనలేదు. చివరి ఆకు దగ్గర మాత్రం ఆపమన్నారట.

"గారె పెట్టారే" అన్నారట.

"పెట్టారు తాతయ్యా."

"మరి తిన్నాడా?"

"లేదు తాతయ్యా. లేచి వెళ్ళిపోయాడుగా."

"పెట్టాక తినకుండా లేచాడా? అయితే పొగరు వాడిదే" అని ఫోను పక్కన పెట్టి, ఇంట్లో మినప్పప్పు ఉందా అని కోడల్ని కేకేసి అడిగారట.